లవమూ, హారమూ: ఒక అరుదైన వ్యాధి లెక్క

రోగిని పరీక్షించడం వైద్యుని పని. మరి రోగాన్ని లెక్కించడం ఎవరి పని? ఈ ప్రశ్నకు సాధారణంగా వినవచ్చే సమాధానం ‘ప్రభుత్వం పని’ అన్నదే. కలరా, మశూచి వంటి మహమ్మారుల విషయంలో ఆ సమాధానం సరిపోవచ్చు. ఊరు ఊరంతా మంచం పట్టినప్పుడు రోగం ఉన్నదని తెలుసుకోవడానికి గణకుల అవసరం లేదు. ఏడాదికి లక్షమందిలో ఒకరికో ఇద్దరికో సోకే వ్యాధి సంగతి వేరు. ఆ ఒక్కరూ ఏ ఊరిలో, ఏ ఆసుపత్రిలో, ఏ పేరున చికిత్స పొందుతున్నారో వెతికి పట్టుకోకపోతే ఆ వ్యాధి కాగితం మీద లేనట్టే. కాగితం మీద లేని వ్యాధికి కారణం వెతికేవారు ఉండరు. నివారణోపాయం చెప్పేవారూ ఉండరు.

‘టాక్సిక్ షాక్ సిండ్రోమ్’ చరిత్ర ఈ సత్యానికి చక్కని నిదర్శనం. అమెరికాలో 1980లో ఈ వ్యాధి పేరు ప్రతి ఇంటా వినిపించింది. నేడు దానిని తలచేవారు అరుదు. సంఖ్య తగ్గిన మాట నిజమే. కాని సంఖ్య తగ్గిందన్న నెపంతో నిఘాను సడలించడం వివేకం కాదు. ఆ నిఘా ఆరోగ్యశాఖ కార్యాలయంలో మొదలై అక్కడే ముగిసేదీ కాదు; దాని మొదటి మెట్టూ, చివరి మెట్టూ కూడా ఇంట్లోనే ఉన్నాయి. ఎదిగే ఆడపిల్లలున్న ప్రవాసాంధ్ర కుటుంబాలు ఈ విషయాన్ని తెలుసుకొని తీరవలసిన అవసరం ఉన్నది.

వ్యాధి స్వరూపం

స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే సూక్ష్మజీవి మానవులకు కొత్తది కాదు. ఇంచుమించు ముగ్గురిలో ఒకరి ముక్కులో అది ఏ హానీ చేయకుండా నివసిస్తూనే ఉంటుంది. సెగగడ్డలకూ, గాయాలు చీము పట్టడానికీ తరచుగా కారణం అదే. ఈ జాతిలోని కొన్ని రకాలు మాత్రం ఒక ప్రత్యేకమైన విషాన్ని ఉత్పత్తి చేయగలవు. 1981లో పాట్రిక్ ష్లీవర్ట్, మెర్లిన్ బెర్గ్‌డాల్ అనే శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా ఈ విషాన్ని గుర్తించాయి.

మామూలుగా ఏదైనా క్రిమి శరీరంలో ప్రవేశించినప్పుడు రక్షణ వ్యవస్థలోని టి కణాలలో ఏ పదివేలకో ఒకటి మాత్రమే స్పందిస్తుంది. ఈ విషం ఆ కట్టుబాటును తెంచివేసి, ఒక్కసారిగా అయిదింట ఒక వంతు వరకు కణాలను రెచ్చగొట్టగలదు. ఊరిలో దొంగ పడితే ఒక కావలివాడు వెళ్ళవలసిన చోటికి ఊరిజనమంతా కర్రలతో పరుగెత్తి, ఆ తొక్కిసలాటలో తమ ఇళ్ళనే కూల్చుకున్నట్టు అవుతుంది. తీవ్రమైన జ్వరం, ఎండకు కమిలినట్టు ఒళ్ళంతా ఎర్రబారడం, వాంతులు, విరేచనాలు, కండరాల నొప్పులు కనిపిస్తాయి. రక్తపోటు హఠాత్తుగా పడిపోతుంది. మూత్రపిండాలు, కాలేయం వంటి అవయవాలు దెబ్బతింటాయి. ఒకటి రెండు వారాల అనంతరం అరచేతులలో, అరికాళ్ళలో చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది.

పెద్దవారిలో అత్యధికుల రక్తంలో ఈ విషాన్ని ఎదుర్కొనే ప్రతిరక్షకాలు ఉంటాయి. బాల్యం నుండి ఆ సూక్ష్మజీవితో కలిగిన పరిచయమే అందుకు కారణం. ఆ ప్రతిరక్షకాలు ఇంకా ఏర్పడనివారు చిన్న వయసులో ఎక్కువగా ఉంటారు. ఋతుస్రావ కాలంలో టాంపన్ వాడే యువతుల విషయంలో మరొక కారణం తోడవుతుంది. ఈ సూక్ష్మజీవి విషాన్ని తయారు చేయడానికి ప్రాణవాయువు కావాలి. సహజంగా ప్రాణవాయువు చాలా తక్కువగా ఉండే శరీరభాగంలోకి టాంపన్‌తో పాటు గాలి కూడా చేరుతుంది. సూక్ష్మజీవి, దాని విషం, ప్రతిరక్షకాల లేమి, అనుకూలమైన పరిస్థితి అనే నాలుగూ ఒకచోట కలిస్తేనే ప్రమాదం. అందువల్లనే కోట్లాదిమంది టాంపన్లు వాడుతున్నా వ్యాధి బహు కొద్దిమందికే వస్తున్నది.

కొద్దిపాటి కేసులు చెప్పిన కథ

1978లో డెన్వర్ నగరంలో జేమ్స్ టాడ్, ఆయన సహచరులు 8 నుండి 17 ఏళ్ళ మధ్య వయసు గల ఏడుగురు పిల్లలలో ఈ లక్షణ సముదాయాన్ని గమనించి, దానికి టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అని పేరు పెట్టి ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. ఆ ఏడుగురిలో మగపిల్లలు కూడా ఉన్నారన్న సంగతి గుర్తుంచుకోదగినది. తరువాతి కాలంలో లోకం మరచిపోయింది సరిగ్గా ఆ సంగతినే.

1980 ఆరంభంలో విస్కాన్సిన్, మిన్నెసోటా రాష్ట్రాల వైద్యులకు ఇటువంటి రోగులు కనిపించసాగారు. వారు ఎక్కువగా యువతులు. వ్యాధి మొదలైనది ఋతుస్రావ దినాలలో. విస్కాన్సిన్ ఆరోగ్యశాఖ తన రాష్ట్రంలోని వైద్యులను అప్రమత్తం చేసి, అటువంటి కేసులు కనిపిస్తే తెలియజేయమని కోరింది. 1980 మే 23న అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం, అనగా సి.డి.సి., తన వారపత్రికలో మొదటి ప్రకటన చేసింది. అంతకు ముందరి అక్టోబరు నుండి దేశం మొత్తం మీద తెలియవచ్చిన కేసులు 55 మాత్రమే. వారిలో ఏడుగురు మరణించారు. ఇరవై కోట్లు దాటిన జనాభాలో 55 మంది!

ఆ కొద్దిపాటి సంఖ్య ఆధారంగానే పరిశోధన ముందుకు సాగింది. రోగులనూ, అదే వయసు గల ఆరోగ్యవంతులైన స్త్రీలనూ పోల్చి ప్రశ్నించగా మొదట టాంపన్లతో సంబంధం బయటపడింది. సెప్టెంబరులో ప్రకటించిన రెండవ అధ్యయనంలో రోగులలో నూటికి 71 మంది ‘రిలై’ అనే ఒకే రకం టాంపన్ వాడినట్టు తేలింది. పోల్చిన ఆరోగ్యవంతులలో దానిని వాడినవారు నూటికి 26 మంది. ద్రవాన్ని విపరీతంగా పీల్చుకునేలా కృత్రిమ పదార్థాలతో తయారైన ఆ వస్తువును ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ 1980 సెప్టెంబరు 22న మార్కెట్టు నుండి ఉపసంహరించుకున్నది. విస్కాన్సిన్, మిన్నెసోటా, అయోవా రాష్ట్రాలు కలిసి జరిపి 1982లో ప్రకటించిన అధ్యయనం మరొక అడుగు ముందుకు వేసి, దోషం ఒక్క పేరుకే పరిమితం కాదనీ, పీల్చుకునే శక్తి పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుందనీ తేల్చింది.

ఆ లెక్కల ఫలితాన్ని నేటికీ దుకాణాలలో ప్రతి పెట్టె మీదా చదువుకోవచ్చు. 1982లో టాంపన్ పెట్టెల మీద ఈ వ్యాధి గురించిన హెచ్చరికను అమెరికా ఆహార, ఔషధ సంస్థ తప్పనిసరి చేసింది. 1990 నుండి పీల్చుకునే శక్తిని గ్రాములలో కొలిచి, రెగ్యులర్ అంటే 6 నుండి 9, సూపర్ అంటే 9 నుండి 12 అని అన్ని కంపెనీలకూ ఒకే కొలమానం వర్తించేలా చేసింది. అంతకు ముందు ఒక కంపెనీ ‘రెగ్యులర్’ మరొక కంపెనీ ‘సూపర్’ కన్నా ఎక్కువ పీల్చుకునే అవకాశం ఉండేది. లక్షలమంది తమకు తెలియకుండానే అనుభవిస్తున్న ఈ రక్షణ, వేళ్ళ మీద లెక్కించదగిన కేసులను ఎవరో శ్రద్ధగా లెక్కించిన పుణ్యం.

వల కన్నుల సంగతి

లెక్కించాలంటే ముందు దేనిని లెక్కించాలో నిర్ణయించుకోవాలి. ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే వ్యాధి కాదిది. కనుక సి.డి.సి. ఒక నిర్వచనాన్ని ఏర్పరచింది. జ్వరం 38.9 సెంటీగ్రేడు డిగ్రీలకు, అనగా 102 ఫారన్‌హీటు డిగ్రీలకు, తగ్గకుండా ఉండాలి. ఒళ్ళంతా ఎర్రబారాలి. పెద్దవారిలో పై రక్తపోటు 90కి మించకుండా పడిపోవాలి. కనీసం మూడు అవయవ వ్యవస్థలు దెబ్బతినాలి. తట్టు వంటి ఇతర వ్యాధులు కావని పరీక్షలు చెప్పాలి. ఒకటి రెండు వారాల తరువాత చర్మం ఊడాలి. ఇవన్నీ కుదిరితే ‘నిర్ధారిత’ కేసు. ఒక్కటి తక్కువైతే ‘సంభావ్య’ కేసు.

నిర్వచనం చేపల వల వంటిది. కన్నులు పెద్దవైతే చిన్న చేపలు జారిపోతాయి. మరీ చిన్నవైతే నాచూ, పుల్లలూ వచ్చి చేరతాయి. ఈ వ్యాధికి వాడిన వల కన్నులు పెద్దవి. ఖచ్చితంగా ఈ వ్యాధే అన్నవారిని మాత్రమే పట్టుకొని పరిశోధించడానికి అది అవసరం. కాని దానివల్ల ఒక విచిత్రం జరుగుతుంది. తెలివైన వైద్యుడు మొదటి రోజే వ్యాధిని పసిగట్టి, రక్తపోటు పడిపోకముందే చికిత్స చేసి బాలికను కాపాడితే, ఆ బాలిక లెక్కలోకి రాకపోవచ్చు. వైద్యం మెరుగైనకొద్దీ సంఖ్య తగ్గుతుంది. వ్యాధి తగ్గకపోయినా సరే.

మరొక చిక్కు చివరి లక్షణానిది. చర్మం ఊడే సమయానికి రోగి ఆసుపత్రిలో ఉండకపోవచ్చు. పది రోజుల తరువాత ఇంట్లో అన్నం తింటూ ఉండగానో, స్నానం చేస్తూ ఉండగానో అరచేతి చర్మం ఊడుతుంది. దానిని చూసేది తల్లి. చూసి, ‘జ్వరం వేడికి అలా అయింది’ అని కొబ్బరినూనె రాసేదీ తల్లే. ఆ సంగతి తిరిగి వైద్యునికి చేరకపోతే నిర్ధారిత కేసు కావలసినది అనుమానాల జాబితాలోనే ఉండిపోతుంది. ఇది ప్రభుత్వ గణాంకాలకు మాత్రమే సంబంధించిన నష్టం కాదు. తగినన్ని ప్రతిరక్షకాలు ఏర్పడని యువతులకు ఈ వ్యాధి మరుసటి నెలలలో తిరగబెట్టడం కద్దు. వచ్చినది ఏ వ్యాధో రూఢిగా తెలిస్తేనే, ఇక ముందు టాంపన్లు వాడరాదన్న జాగ్రత్త ఆ బాలికకు అందుతుంది.

తగ్గినది వ్యాధా, వార్తా?

1980లో సి.డి.సి.కి అందిన కేసులు 890. వాటిలో 812 ఋతుస్రావంతో సంబంధం ఉన్నవి. 1989 నాటికి మొత్తం 61కి, ఋతుస్రావ సంబంధమైనవి 45కు దిగివచ్చాయి. ఈ అంకెలను చూసి వ్యాధి దాదాపు తొలగిపోయిందని సంతోషించడం సహజం. కాని నిపుణులు వెంటనే సంతోషించలేదు. 1980లో పత్రికలూ, దూరదర్శన వార్తలూ హోరెత్తినప్పుడు ప్రతి వైద్యుడూ ఆ వ్యాధిని తలచుకున్నాడు; తలచుకున్నాడు కనుక గుర్తించాడు; గుర్తించాడు కనుక నివేదించాడు. హోరు తగ్గాక ఆ మూడూ తగ్గి ఉండవచ్చు. అప్పుడు పడిపోయినది వ్యాధి కాదు, వార్త.

ఈ సందేహానికి ఆధారం లేకపోలేదు. మిన్నెసోటా ఆరోగ్యశాఖ ఆసుపత్రులను స్వయంగా సంప్రదించి లెక్కించినప్పుడు, దేశవ్యాప్త నివేదికలలో కనిపించినంత తగ్గుదల అక్కడ కనిపించలేదు. కొలరాడోలో టాడ్ బృందం 1985లో ప్రకటించిన అధ్యయనం, కేసులను వెతికే పద్ధతిని బట్టి అంచనా ఎలా మారుతుందన్న విషయాన్నే పరిశీలించింది. ఉత్తర కాలిఫోర్నియాలో 1972 నుండి 1983 వరకు గల ఆసుపత్రి రికార్డులను తిరగవేసి, వ్యాధికి పేరు పెట్టకముందు నాటి కేసులను కూడా వెలికితీసే ప్రయత్నం జరిగింది.

నివేదికల కోసం ఎదురుచూడడం ఒక పద్ధతి. తానే వెళ్ళి వెతకడం మరొక పద్ధతి. మొదటిది తలుపు తట్టినవారిని మాత్రమే లెక్కిస్తుంది. రెండవది ప్రతి తలుపూ తానే తడుతుంది. 1986లో సి.డి.సి. ఈ రెండవ పద్ధతిని చేపట్టి, సుమారు 3 కోట్ల 40 లక్షల జనాభా గల ప్రాంతాలలో ఆసుపత్రులను వరుసగా విచారించింది. ఫలితంగా 15 నుండి 44 ఏళ్ళ స్త్రీలలో ఏడాదికి లక్షకు ఒక్క ఋతుస్రావ సంబంధమైన కేసు ఉన్నట్టు తేలింది. 1980 నాటి అంచనాలు లక్షకు 6 నుండి 12. వయోపరిమితులు కొంత వేరు కనుక ఈ రెంటినీ అక్షరాలా పోల్చరాదు. అయినా దిశ స్పష్టం: వ్యాధి నిజంగానే తగ్గింది. ఈ మాటను ధైర్యంగా చెప్పగలగడానికి కారణం వెతికి లెక్కించినవారు ఉండడమే. వెతకకుండా చెప్పిన ‘తగ్గింది’ అన్న మాటకూ, వెతికి చెప్పిన ‘తగ్గింది’ అన్న మాటకూ హస్తిమశకాంతరం.

హారం లేని లవం

చిన్ననాటి భిన్నాల పాఠం ఇక్కడ అక్కరకు వస్తుంది. కేసుల సంఖ్య లవం. ఆ కేసులు ఏ జనాభా నుండి వచ్చాయో అది హారం. పత్రికలు లవాన్ని పెద్ద అక్షరాలతో ప్రకటిస్తాయి, హారాన్ని మరచిపోతాయి. ఒక నగరంలో ముగ్గురికి వ్యాధి వచ్చిందన్న వార్త, ఆ నగరంలో ఆ వయసువారు ముప్ఫైవేలమందా, ముప్ఫై లక్షలమందా అన్నది చెప్పకపోతే అర్థం లేనిది. భయానికీ, నిర్లక్ష్యానికీ కూడా మూలం హారం లేని లవమే.

అరుదైన వ్యాధి విషయంలో హారం పెద్దదిగా ఉండడం మరింత ముఖ్యం. లక్షకు ఏడాదికి ఒకరు అన్న రేటు గల చోట, లక్షమంది స్త్రీలున్న ఒక ఊరిలో ఒక ఏడాది ఎవరికీ రాకపోవచ్చు. మరుసటి ఏడాది ఇద్దరికి రావచ్చు. ఆపై మళ్ళీ సున్న. ఆ ఇద్దరిని చూసి వ్యాధి పెరిగిందని గగ్గోలు పెట్టడమూ తప్పే. సున్నను చూసి పోయిందని నిశ్చింతగా ఉండడమూ తప్పే. వ్యాధి నిజంగా రెట్టింపైనా ఆ ఒక్క ఊరి లెక్కలో అది కనిపించదు. ఎన్నో ఊళ్ళ లెక్కలు ఒకచోట చేరితేనే కనిపిస్తుంది. అమెరికాలోని తెలుగువారందరినీ కలిపినా ఇటువంటి వ్యాధికి చాలినంత హారం కాదు. ఏ ఒక్క సముదాయమూ తన పిల్లలను తానొక్కటే లెక్కించి కాపాడుకోలేదు. అందరి లెక్కలోనూ తానూ చేరడమే మార్గం.

మిన్నియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల ప్రాంతంలో 2000 నుండి 2006 వరకు జరిగిన లెక్క ఇందుకు మంచి ఉదాహరణ. ఏడేళ్ళలో దొరికినవి 61 కేసులు. మొత్తం మీద ఏడాదికి లక్షకు 0.52. అందరినీ కలిపిన ఈ సగటు చిన్నదే. కాని హారాన్ని వయసుల వారీగా విడదీస్తే, 13 నుండి 24 ఏళ్ళ యువతులలో ఋతుస్రావ సంబంధమైన వ్యాధి రేటు లక్షకు 1.41 అని తేలింది. సగటు వెనుక దాగిన ప్రమాదం నివురు గప్పిన నిప్పు వంటిది. నివురును ఊదితేనే నిప్పు కనిపిస్తుంది.

ఆ లెక్కలోనే మరొక పాఠం ఉన్నది. 61లో 28 కేసులకు ఋతుస్రావంతో సంబంధమే లేదు. శస్త్రచికిత్స గాయాలు, కాలిన పుండ్లు, ప్రసవానంతర దశ, ముక్కులో పెట్టిన కట్లు, చర్మవ్యాధులు ఈ వ్యాధికి దారితీయగలవని 1982లోనే 130 కేసుల సమీక్ష ఒకటి వివరించింది. అయినా ‘టాంపన్ల జబ్బు’ అన్న ముద్ర పడిన తరువాత, మగవారిలో, పిల్లలలో, వృద్ధులలో దానిని అనుమానించేవారు తగ్గారు. డెన్వర్ వైద్యులు తొలుదొలుత చూసిన మగపిల్లలు లోకం కంటికి ఆనకుండా పోయారు. ఏది వెతుకుతారో అదే దొరుకుతుంది, వెతకనిది లేదనిపిస్తుంది.

స్ట్రెప్టోకాకస్ అనే మరొక సూక్ష్మజీవి వల్ల వచ్చే టాక్సిక్ షాక్ మరింత ప్రాణాంతకమైనది. దానిని తప్పనిసరిగా నివేదించవలసిన వ్యాధిగా పరిగణించే జపాను దేశంలో 2023లో 941 కేసులు నమోదయ్యాయి. 2024లో జూను మొదటికే ఆ సంఖ్య దాటిపోయింది. జపాను ఆ పెరుగుదలను అంత త్వరగా చూడగలిగిందంటే, కేసులు తక్కువగా ఉన్న ఏళ్ళలో కూడా లెక్కించడం మానలేదు గనుకనే. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న పెద్దల మాట ప్రజారోగ్యానికి కూడా వర్తిస్తుంది.

ఇంటి గుట్టు

ఇంతకూ ఈ చర్చ తెలుగు కుటుంబాలకు ఎందుకు? అమెరికాలో పెరిగే తెలుగు బాలిక ఈతకు వెళుతుంది, ఆటల పోటీలలో పాల్గొంటుంది, నృత్య ప్రదర్శనలిస్తుంది. స్నేహితురాళ్ళను చూసి టాంపన్లు వాడడం నేర్చుకుంటుంది. ఆమె తల్లి ఎక్కువగా పాతబట్టల కాలంలోనో, నాప్‌కిన్ల కాలంలోనో పెరిగినది. భారతదేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సైతం 15 నుండి 24 ఏళ్ళ యువతులలో నూటికి 64 మంది నాప్‌కిన్లు, 50 మంది బట్ట వాడుతున్నట్టు చెప్పారు; రెండూ వాడేవారు కూడా అందులో ఉన్నారు. టాంపన్ తల్లి అనుభవంలో లేని వస్తువు. అనుభవంలో లేనిదాని గురించి ఆమె కూతురికి హెచ్చరిక చెప్పలేదు. చెప్పదగిన మాటలు కూడా ఆమెకు తన తల్లి నుండి అందలేదు. ‘బయట ఉన్నది’ అన్న ఒక్క మాటతో ఆ విషయం తెలుగిళ్ళలో తరతరాలుగా ముగిసిపోయింది.

ఇక్కడొక వైచిత్రి గమనించదగినది. కూతురు పెద్దమనిషి అయినందుకు హాలు అద్దెకు తీసుకొని, వందలమందిని పిలిచి, మేనమామ చేత పట్టుబట్టలు పెట్టించి ఓణీల వేడుక జరిపే సంప్రదాయాన్ని ప్రవాసాంధ్రులు సముద్రాలు దాటించి తెచ్చుకున్నారు. అది సంతోషించదగినదే. కాని అంతమంది ఎదుట పండుగ చేసుకున్న విషయాన్ని, జ్వరం వచ్చిన రోజున వైద్యుని ఎదుట చెప్పడానికి అదే ఇల్లు సంకోచిస్తుంది. ఆసుపత్రిలో ‘నెలసరి సమయమా, ఏమి వాడుతున్నది’ అని అడిగినప్పుడు తండ్రి తల తిప్పుకుంటాడు. తల్లి తనకు తెలియదంటుంది. తల్లిదండ్రుల ఎదుట అమ్మాయి నోరు విప్పదు. ఫ్లూ జ్వరమని వైద్యుడు భావిస్తే ఆ తప్పు ఆయన ఒక్కనిదే కాదు. ఇండియాలోని బంధువైన డాక్టరుగారికి ఫోను చేస్తే జ్వరమూ, దద్దురూ అనగానే ఆయన డెంగీనో, తట్టునో తలచుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆయన నిత్యం చూసేవి అవి. ఈ విధంగా లెక్కలోని మొదటి రంధ్రం ఇంట్లోనే పడుతుంది. ఆ రంధ్రం నుండి జారిపోయేది అంకె కాదు, బిడ్డ ప్రాణం.

ఆక్షేపణలు, సమాధానాలు

మధుమేహం, గుండెజబ్బు వంటి పెద్ద శత్రువులు తెలుగువారి ఇళ్ళలో తిష్ఠ వేసి ఉండగా, లక్షకు ఒకరికి వచ్చే వ్యాధి కోసం ఇంత ఆరాటం దేనికన్నది మొదటి ఆక్షేపణ. ఇది తీసిపారవేయదగినది కాదు. ప్రజారోగ్యానికి కేటాయించే ధనం ఎప్పుడూ చాలదు. దేనికెంత అన్నది తూకం వేయవలసినదే. కాని ఇక్కడ కోరుతున్నది నిరంతర మహాయజ్ఞం కాదు. ఆసుపత్రుల రికార్డులు నేడు కంప్యూటర్లలో ఉన్నాయి. జనాభా స్పష్టంగా తెలిసిన కొన్ని పెద్ద ప్రాంతాలలో అయిదేళ్ళకో పదేళ్ళకో ఒకసారి వెతికి లెక్కిస్తే చాలును. గుండెజబ్బు లెక్కలో కొన్ని కేసులు తప్పిపోయినా చిత్రం మారదు. పదుల సంఖ్యలో ఉండే వ్యాధిలో పది కేసులు తప్పిపోతే చిత్రమే మారిపోతుంది.

వాడే వస్తువులు మారుతూ ఉన్నాయన్న సంగతి కూడా ఈ సందర్భంలో స్మరణీయం. ఋతుస్రావ కప్పుల వాడకం ఇటీవల పెరుగుతున్నది. 2019లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వచ్చిన సమీక్ష, కప్పులు వాడేవారిలో అయిదు టాక్సిక్ షాక్ కేసులను పేర్కొన్నది. అయిదు స్వల్పమైన లవమే. కాని కప్పులు వాడేవారు ఎందరన్న హారం తెలియనిదే టాంపన్లతో పోల్చి తీర్పు చెప్పడం సాధ్యం కాదు. కప్పు మంచిదా, చెడ్డదా అన్న వాదానికి సమాధానం ప్రచారంలో దొరకదు, లెక్కలోనే దొరకాలి.

ఇటువంటి రాతల వల్ల ఆడపిల్లలను అనవసరంగా భయపెట్టినట్టు అవుతుందనీ, తల్లిదండ్రులు ఈతకూ ఆటలకూ పంపడం మానిపిస్తారనీ మరికొందరి శంక. గోరంతను కొండంత చేయడం తగదన్న మాట నిజం. లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదానికి భయపడి బిడ్డ ఆటపాటలను అరికట్టడం అవివేకం. అయితే సరైన లెక్క భయాన్ని పెంచదు. దానికి హద్దు గీస్తుంది. హారం తెలిసిన తల్లి టాంపన్‌ను నిషేధించదు. జాగ్రత్తగా వాడడం నేర్పుతుంది. జాగ్రత్తలు కూడా కష్టమైనవి కావు. అవసరానికి సరిపడే అతి తక్కువ పీల్చుకునే రకాన్ని ఎంచుకోవాలి. నాలుగు నుండి ఎనిమిది గంటలలోపు మార్చాలి. ఆ దినాలలో హఠాత్తుగా జ్వరం, ఒంటిపై ఎర్రదనం, వాంతులు, కళ్ళు తిరగడం కనిపిస్తే టాంపన్‌ను వెంటనే తొలగించి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళి, ఆ సంగతి అడగకముందే చెప్పాలి.

ఆసుపత్రిలో నిజం చెబితే బిడ్డ పేరు పదిమందిలో పడుతుందన్న బెరుకు కూడా కొన్ని ఇళ్ళలో ఉన్నది. అది నిరాధారమైనది. ఆరోగ్యశాఖ ప్రకటించేది సంఖ్యలను, పేర్లను కాదు.

కర్తవ్యం

కనుక ఈ విషయంలో బాధ్యత పంచుకోవలసినవారు ముగ్గురు. కేసులు తమంతట తాము వచ్చి పడతాయని ఎదురుచూడక, నియమిత కాలాలలో వెతికి లెక్కించడం ఆరోగ్యశాఖల బాధ్యత. మగవారిలోనూ, పిల్లలలోనూ, శస్త్రచికిత్స రోగులలోనూ ఈ వ్యాధిని తలచుకోవడం, తలచుకున్నదానిని నివేదించడం, ఏ వస్తువు వాడినదీ రాసిపెట్టడం వైద్యుల బాధ్యత. అమెరికాలో తెలుగు వైద్యులకు కొదవ లేదు; ఈ పనికి వారు ముందు నిలవడం శోభస్కరం. మూడవ బాధ్యత కుటుంబాలది. కూతురితో ఈ మాట ఒకసారి తెలుగులోనో ఇంగ్లీషులోనో నెమ్మదిగా మాట్లాడడం, వైద్యుని ముందు దాచకుండా చెప్పడం, అమ్మాయి కోలుకున్న పది రోజులకు అరచేతుల చర్మం ఊడితే ఆ సంగతి ఆసుపత్రికి ఫోను చేసి తెలియజేయడం. తెలుగు సంఘాలు నిర్వహించే ఆరోగ్య శిబిరాలలో రక్తపోటు, చక్కెర పరీక్షలతో పాటు తల్లీకూతుళ్ళకు ఒక గంట కేటాయించి, స్త్రీ వైద్యుల చేత ఈ విషయం చెప్పించడానికి అదనపు ఖర్చు కూడా లేదు.

1980లో అమెరికా ఒక వ్యాధి కారణాన్ని కొన్ని నెలలలో కనుగొనగలిగింది. అద్భుతమైన యంత్రాలేవీ అందుకు తోడ్పడలేదు. కొందరు వైద్యులు ఫోను ఎత్తి ‘ఇటువంటి రోగిని చూశాను’ అని చెప్పారు. కొందరు రోగులు అడిగిన ప్రశ్నలకు సిగ్గుపడక సమాధానం చెప్పారు. కొందరు ఆ సమాధానాలను ఓపికగా కూడారు. ఆ గొలుసులో ప్రతి లంకె ఒక మనిషి. తెలుగువారి ఇంటి దగ్గర ఆ లంకె తెగకుండా చూసుకోవడం ఇరుగుపొరుగు బిడ్డలకే కాదు, కన్నబిడ్డకు కూడా రక్ష.